మోకాళ్ళ మీద నుంచి లేచాక

(పాండూరులో యువజన సేవకుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ పాండూరు తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి వెళ్ళే దారిలో ఉంది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. హద్దు రాయి జరిగింది గాని ఇళ్ళల్లో మాట జరగలేదు. అందుకే తమిళనాట కూర్చుని ఈ రోజు మనం తెలుగులో మాట్లాడుకుంటున్నాం, తెలుగులో ప్రార్థన చేసుకున్నాం. అయితే ఈ రాష్ట్రంలో తెలుగు మాట్లాడే మరికొందరు ఉన్నారు. తెల్లవారక ముందే చీపురు, తోపుడుబండి తీసుకుని వీధుల్లోకి వస్తారు. మ్యాన్‌హోల్ మూత తీసి దిగుతారు. సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేస్తారు. చెన్నైలో ఆది ఆంధ్రులని పిలిచేవాళ్ళు, జిల్లాల్లో అరుంధతీయులు. వీళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. చాలామంది యేసు ప్రభువును నమ్ముకున్నవాళ్ళే. సేవ గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు కాబట్టి వాళ్ళ గురించే మాట్లాడదామనుకున్నాం.

మన సంఘాల్లో సేవ అంటే ఒక పద్ధతి స్థిరపడిపోయింది. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచుతాం. ఆసుపత్రిలో రొట్టె, పండ్లు ఇస్తాం. బ్యానర్ కట్టి ఫోటో తీసుకుంటాం. ఒక దుప్పటిని ఎనిమిది మంది పట్టుకుని ఇస్తున్న ఫోటోలు మీరూ చూసే ఉంటారు. పాపం, పుచ్చుకునే అవ్వ ముఖం ఆ చేతుల వెనక ఎక్కడో ఉంటుంది. దుప్పటి ఇవ్వడం తప్పు కాదు, చలికి దుప్పటి కావాలి. కాని ఇచ్చి వచ్చేశాక ఆ మనిషి ఎందుకు వీధిలో పడుకుంటోందని అడిగేవాళ్ళు తక్కువ.

పవిత్ర గురువారం నాడు పాదాలు కడిగే ఆచారం కొన్ని సంఘాల్లో ఉంది. ముందే శుభ్రంగా కడుక్కుని వచ్చిన పాదాలను పాస్టరు గారు వెండి గిన్నెలో కడుగుతారు. యోహాను సువార్త పదమూడో అధ్యాయంలో ప్రభువు తువాలు కట్టుకుని కడిగినవి దుమ్ము రోడ్డు మీద నడిచి వచ్చిన పాదాలు. ఆ ఇంట్లో అది దాసుని పని. ఎవరి పని అని లోకం తేల్చిపెట్టిందో వాళ్ళ చోట నిలబడి ఆయన ఆ పని చేశాడు. పేతురుకు అందుకే ఇబ్బంది అయింది. నీళ్ళు చల్లగా ఉన్నాయని కాదు, వరుస తారుమారైందని.

మన మధ్య నుంచే వచ్చిన ఒకరి సంగతి చెప్పాలి. కర్ణాటకలో కోలారు గోల్డ్ ఫీల్డ్స్ ఉంది కదా, అక్కడ 1966లో తెలుగు మాట్లాడే దళిత క్రైస్తవ కుటుంబంలో బెజవాడ విల్సన్ గారు పుట్టారు. గని కార్మికుల కాలనీల్లో నీళ్ళు లేని పాకీ దొడ్లు ఉండేవి. వాటిని ఎత్తి శుభ్రం చేసేది ఆయన మనుషులే. ఇంటివాళ్ళు ఆ పని సంగతి పిల్లవాడికి తెలియకుండా దాచారు. బయట చదివి తిరిగి వచ్చి, యువజన కార్యక్రమాల్లో పని చేస్తున్న రోజుల్లో ఆయన తన కళ్ళతో చూశారు. బకెట్ గోతిలో జారిపడితే ఒక మనిషి చేయి లోపలికి పెట్టి తీయడం చూశారు. అక్కడే కూర్చుని ఏడ్చారు. ఆపండి అంటే వాళ్ళు చెప్పిన జవాబు, ఇది మానేస్తే ఏం తినాలి అని.

ఆ ఏడుపు తర్వాత ఏం జరిగిందన్నది మనకు ముఖ్యం. 1986 నుంచి ఆయన గని యాజమాన్యానికి, అధికారులకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. దేశంలో పాకీ పనిని నిషేధించే చట్టం 1993లో వచ్చింది. చట్టం వచ్చినా దొడ్లు అలాగే ఉన్నాయి. ఫోటోలు తీసి బయటపెట్టారు, పత్రికలో వచ్చాయి, అప్పుడు గాని యాజమాన్యం కదలలేదు. తరువాత సఫాయి కర్మచారి ఆందోళన్ ఏర్పడింది. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. తీర్పు 2014 మార్చి 27న వచ్చింది. పదకొండేళ్ళు! మనం ఒక ఉపవాస ప్రార్థనకు మూడు రోజుల్లో జవాబు రాకపోతే దేవుని మీద అలుగుతాం.

ఈ పనిలో విల్సన్ గారి పక్కన నిలబడినవారిలో ఎస్.ఆర్. శంకరన్ గారు ఒకరు. తమిళ కుటుంబంలో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పని చేసి, వెట్టిచాకిరీ నుంచి ఎంతోమందిని విడిపించిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, జీతంలో పెద్ద భాగం పేద పిల్లల చదువులకు ఇచ్చేవారు, పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ఆయన క్రైస్తవుడు కాదు. మన యవ్వనస్థుల్లో కొందరు, విశ్వాసులు కానివాళ్ళతో కలిసి పని చేయవచ్చా అని అడుగుతుంటారు. మంచి సమరయుని ఉపమానం చెప్పిన ప్రభువును అడగండి, మమ్మల్ని కాదు.

ఇక ప్రార్థన సంగతి. సామాజిక పని చేసేవాళ్ళు ప్రార్థనను పక్కన పెడతారని పెద్దలకు అనుమానం. ప్రార్థన చేసేవాళ్ళు బయటికి రారని యువకుల ఫిర్యాదు. నెహెమ్యా గ్రంథం మొదటి రెండు అధ్యాయాలు ఈ ఇద్దరూ కలిసి కూర్చుని చదవాలి. యెరూషలేము గోడ కూలిందని విని ఆయన కూర్చుని ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు. కిస్లేవు నెలలో విన్నాడు, రాజు ముందు నోరు విప్పింది నీసాను నెలలో. దాదాపు నాలుగు నెలలు మోకాళ్ళ మీద ఉన్నాడు. లేచాక రాజును ఏం అడిగాడు? అధికారులకు ఉత్తరాలు కావాలన్నాడు. అడవి కాపరి అయిన ఆసాపు పేరు చెప్పి, మాను ఇప్పించమన్నాడు. అంటే ప్రార్థనలో ఉన్న నాలుగు నెలల్లో ఎవరి సంతకం కావాలో, కలప ఎవరి చేతిలో ఉందో కూడా తెలుసుకుని పెట్టుకున్నాడు. ఇది కదా ప్రార్థన! ఎదుటివాని బాధ మన లోపలికి దిగేదాకా దేవుని దగ్గర కూర్చోవడం, లేచేటప్పటికి చేయవలసిన పని చేతిలో ఉండడం.

కొన్ని సంగతులు రాసుకోండి. రాసుకోకపోతే రేపటికి పాటలు తప్ప ఏమీ గుర్తుండవు.

సెప్టిక్ ట్యాంకులో మనిషి చనిపోయేది మురికి వల్ల కాదు, గాలి వల్ల. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువగా ఉంటే ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన లేదు కదా, పరవాలేదు అని దిగినవాడు క్షణాల్లో కూలిపోతాడు. అతన్ని కాపాడాలని తమ్ముడు దిగుతాడు, తర్వాత బావమరిది. ఒక్క ట్యాంకులో ముగ్గురు, నలుగురు పోయేది ఇలాగే. కాబట్టి ఎవరైనా పడిపోతే మీరు దిగకండి. 101కి ఫోన్ చేయండి. మురుగు శుభ్రం చేయించుకోవడానికి, మనిషిని దింపుతున్నారని ఫిర్యాదు చేయడానికి 14420 నంబరు ఉంది.

2013 నాటి చట్టం ప్రకారం రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు. 2014 తీర్పులో సుప్రీంకోర్టు, 1993 నుంచి ఇలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20 తీర్పులో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ మాట ఎంత మంది విధవరాళ్ళకు తెలుసు? కాంట్రాక్టరు వచ్చి లక్షో రెండు లక్షలో చేతిలో పెట్టి తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. ఆ సమయానికి సంఘం ఆ ఇంట్లో పాటలు పాడుతూ ఉంటుంది. పాడండి, తప్పకుండా పాడండి. మీలో ఒకరు మాత్రం ఆ కాగితం చదవండి. ఎఫ్ఐఆర్ కాపీ, పోస్ట్‌మార్టం రిపోర్టు, తహసీల్దారు ఇచ్చే వారసత్వ సర్టిఫికెట్ వచ్చేదాకా ఆ అక్కతో కూడా తిరగండి. ఆదరణ కూడిక ఒక్క రోజు జరుగుతుంది, ఈ తిరుగుడు ఆరు నెలలు పట్టవచ్చు.

ఇక్కడ మన సంఘాలను కోసే ఒక ముడి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కాని దళితులు షెడ్యూల్డ్ కులం కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. తమిళనాడులో దళిత క్రైస్తవులు బీసీల్లో ఉన్నారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వాళ్ళకు వర్తించదు. బాప్తిస్మం తీసుకున్నా గోతిలోకి దిగేది ఆ కులం మనిషే, రక్షణ మాత్రం పోతుంది. అందువల్ల కొందరు సర్టిఫికెట్‌లో ఒక పేరు, చర్చి రిజిస్టరులో ఒక పేరు పెట్టుకుని భయంతో బతుకుతారు. పుల్పిట్ మీద నుంచి వాళ్ళను వేషధారులని తిట్టడం మేము విన్నాం. మా ఉద్దేశంలో తిట్టవలసింది ఆ ఉత్తర్వును. అయితే 30 లక్షల పరిహారానికి మతంతో సంబంధం లేదు. 2013 చట్టం మనిషి చేసే పనిని చూస్తుంది, ఏ దేవుణ్ణి కొలుస్తాడో చూడదు. క్రైస్తవులకు రాదని ఎవరైనా చెబితే నమ్మకండి.

మన చర్చి సెప్టిక్ ట్యాంకు ఎవరు శుభ్రం చేస్తున్నారు? కన్వెన్షన్ మూడు రోజులు జరుగుతుంది, వేలమంది వస్తారు, తాత్కాలిక మరుగుదొడ్లు కడతాం. నాలుగో రోజు పొద్దున అక్కడికి ఎవరు వస్తారు? వేదిక అలంకరణకు కమిటీ ఉంది, భోజనాలకు కమిటీ ఉంది. దీనికి లేదు. మిషన్ లారీ రాక ముందు మనిషిని దింపము అని సంఘ కమిటీ మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు చేయించండి. దీనికి విదేశీ నిధులు అక్కర్లేదు.

ఇంకొకటి. ఆదివారం పొద్దున పారిశుధ్య కార్మికులకు డ్యూటీ ఉంటుంది. మన ఆరాధన సరిగ్గా అప్పుడే. వాళ్ళు రావడం లేదని బెంగపడే బదులు, సాయంత్రం ఒక కూడిక పెడితే ఏం పోతుంది? వాళ్ళ వీధిలోనే పెట్టండి. వాళ్ళ ఇంట్లో ఇచ్చిన టీ తాగండి. గ్లాసు పట్టుకుని కూర్చుని, ఇప్పుడే తాగి వచ్చామమ్మా అనకండి, ఆ మాట వాళ్ళకు బాగా అలవాటు. తిరునెల్వేలి నుంచి డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని, 1912లో బిషప్ అయిన అజరయ్య గారు, అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరో మహాసభలో పాశ్చాత్య మిషనరీలను అడిగింది డబ్బు కాదు, స్నేహం. మీరు త్యాగాలు చేశారు, సరే, మమ్మల్ని మీ స్నేహితులుగా చూడండి అన్న అర్థంలో మాట్లాడారు. తెల్లవాళ్ళను అడిగిన ఆ ప్రశ్న ఇప్పుడు మన వైపు తిరిగింది.

ఇప్పుడు నాలుగేసి మందిగా విడిపోయి ప్రార్థన చేసుకుందాం. ప్రతి గుంపులో ఒకరు కాగితం, పెన్ను తీయండి. మీ వీధి ఊడ్చే మనిషి పేరు రాయండి. తెలియకపోతే ఖాళీ వదిలి, ఆ ఖాళీ కోసమే ప్రార్థించండి. నమస్తే పథకం కింద మురుగు, సెప్టిక్ ట్యాంకు పని చేసేవాళ్ళకు రక్షణ పరికరాలు, ఆరోగ్య బీమా ఇస్తున్నారు, దానికి మున్సిపాలిటీ జాబితాలో పేరు ఉండాలి. సోమవారం ఆఫీసు తెరిచాక ఆ జాబితా అడగడానికి ఎవరెవరు వెళ్తారో కూడా అదే కాగితం మీద రాయండి. భోజనానికి లేచే ముందు ఆ కాగితాలు మాకు ఇవ్వండి.