చూపు నిలవని పసికళ్లు



మన మేళ్లచెరువులో కంటి జబ్బు అనగానే ముసలివాళ్ల శుక్లాలే గుర్తుకొస్తాయి. ఈరోజు మేము పసిపిల్లల కళ్ల గురించి చెప్పదలిచాం.

ఒక్కో కంటిని ఆరు చిన్న కండరాలు తిప్పుతాయి. ఎటు తిప్పాలో, ఎక్కడ ఆపాలో మెదడు చెబుతుంది. చూపును ఒకచోట నిలపడం బిడ్డ పుట్టిన మొదటి రెండు మూడు నెలల్లోనే నేర్చుకుంటుంది. కంటిలో పడే బొమ్మే మసకగా ఉంటే ఆ నేర్పు రాదు. అప్పుడు కళ్లు తమంతట తామే అటూ ఇటూ ఊగుతాయి. డాక్టర్లు దీన్ని నిస్టాగ్మస్ అంటారు.

పుట్టుకతో వచ్చిన దట్టమైన శుక్లాన్ని మొదటి రెండు నెలల్లోనే తీయించడం మేలు. ఆలస్యమైతే శుక్లం పోయినా ఊగుడు మిగిలిపోవచ్చు, చూపు పూర్తిగా రాకపోవచ్చు. ముసలివారి శుక్లం కొన్నాళ్లు ఆగుతుంది, బిడ్డది ఆగదు.

కళ్లు ఊగే పిల్లల్లో కొందరు తల పక్కకు తిప్పి ఓరగా చూస్తారు. అలా చూస్తే ఊగుడు తగ్గి అక్షరం నిలుస్తుంది. "నేరుగా చూడు" అని గద్దిస్తే ఉన్న చూపునూ లాక్కున్నట్టే. వారిని ముందు బెంచీలో, వారికి అనువైన పక్కన కూర్చోబెట్టాలి. మెల్లకన్ను అదృష్టమని కూడా ఊరుకోవద్దు. మెదడు ఆ కంటిని వాడటం మానేస్తే దాని చూపు మందగిస్తుంది.

కంటిపాపలో తెలుపు కనిపించినా, కళ్లు ఊగినా, మూడు నెలలు నిండినా తల్లి ముఖాన్ని చూపుతో వెంబడించకపోయినా వెంటనే కంటి డాక్టరుకు చూపించాలి.

2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాలు ఊరూరా పరీక్షలు చేసి కళ్లజోళ్లు ఇచ్చాయి. కానీ నెలల బిడ్డ బోర్డు మీది అక్షరాలు చదవలేదు కదా! ఆ బిడ్డకు పిల్లల కంటి నిపుణులే కావాలి. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో అలాంటి వైద్యులున్నారు, పేదలకు ఉచిత వైద్యమూ ఉంది. అయినా బస్సు ఛార్జీలు, అక్కడ ఉండే ఖర్చు, పోయిన కూలి, ఆపరేషన్ తర్వాత మళ్లీ మళ్లీ తిరగడం పేద తల్లిదండ్రులకు భారమే. బిడ్డ కనబడ్డాక చందాలు వసూలు చేస్తే ఆ రెండు నెలలూ గడిచిపోతాయి. అందుకే సొమ్ము ముందే సిద్ధంగా ఉండాలని మేము కోరుతున్నాం.

చూపు తిరిగి రాని పిల్లలనూ చదివిద్దాం. చూపులేని ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ రజియల్లాహు అన్హు మదీనాలో అజాన్ ఇచ్చేవారని మనందరికీ తెలుసు.

మీ జకాత్, సదఖాలలో పసికళ్లకూ ఒక వాటా ఉంచండి.