మన చర్మము - రోమకూపములు



నేటి ప్రసంగవిషయము మనకందఱకు మిక్కిలి చేరువలోనున్నది. దానిని చూచుటకు ప్రయాణ మక్కఱలేదు. ముంజేతిని వెలుతురునకు త్రిప్పి చూచుకొన్నచో చాలును. అందు సన్నని గీతలును, గీతల నడుమ చిన్నచిన్న గుంటలును, గుంటలనుండి మొలచిన నూగువెండ్రుకలును కనబడును. ఆ గుంటలకే రోమకూపములని పేరు. కూపమనగా బావి. ఈ బావిలో ఏమున్నది, ఇది ఎండినచో మనమేమి గ్రహింపవలయును అను రెండు సంగతులను మాత్రమే నేడు మనవి చేయుదును.

పెరిగిన మనుష్యుని చర్మమును పఱచినచో అది 1.5 నుండి 2 చదరపు మీటర్ల వఱకు నుండును. అందు రెండు పొరలు ముఖ్యములు. పైదానిని బాహ్యచర్మమనియు, క్రిందిదానిని అంతశ్చర్మమనియు అందుము. బాహ్యచర్మమున రక్తనాళములు లేవు. దాని అడుగువరుసలోని కణములు ఎడతెగక చీలుచు క్రొత్త కణములను పుట్టించును. క్రొత్తవి ప్రాతవానిని పైకి నెట్టును. పైకి వచ్చుకొలది కణములు కెరటిన్ అను గట్టిపదార్థముతో నిండి, పలుచబడి, మరణించి, పొట్టువలె రాలిపోవును. ఈ ప్రయాణమునకు ఇంచుమించు ఒక మాసము పట్టును. స్నానసమయమున మనము రుద్ది తీయు మట్టిలో చాల భాగము ఇట్టి మృతకణములే. కనురెప్పమీద ఈ పొర కాగితమంత పలుచన; అరికాలియందు దానికి పెక్కురెట్లు దళసరి.

అంతశ్చర్మము వేఱువిధమైనది. అందు రక్తనాళములు, నరములు, స్వేదగ్రంథులు, చర్మమునకు బిగువునిచ్చు నారలు కలవు. రోమకూపముల వేళ్లును ఇందే యున్నవి. శిశువు గర్భమున నున్నప్పుడు బాహ్యచర్మమే అక్కడక్కడ లోనికి దిగి ఈ బావులను ఏర్పఱచును. కావున రోమకూపమునకు లోపలి గోడ బాహ్యచర్మమే. పుట్టిన తరువాత సామాన్యముగా క్రొత్త బావులు ఏర్పడవు. తల్లి గర్భమునుండి తెచ్చుకొన్నవే ఆయుర్దాయమంతయు మనకు ఆధారము.

బావి అడుగున ఉల్లిగడ్డ ఆకారమున వెండ్రుక మొదలుండును. అచ్చటి కణములకు సన్నని రక్తనాళములు ఆహారము నందించును. అచ్చటనే వర్ణకణములు మెలనిన్ అను రంగును కలుపును. చర్మముపైకి వచ్చిన వెండ్రుకలో జీవము లేదు. అందుచేతనే మంగలి కత్తిరించునప్పుడు నొప్పిలేదు. పెఱికినప్పుడు మాత్రము నొప్పి కలదు. యాదగిరిగుట్టలో తలనీలాలు సమర్పించి వచ్చిన బిడ్డకు జుట్టు ఒత్తుగా పెరుగునని తల్లులు నమ్మెదరు. కత్తి తాకునది మృతభాగమునే. దాని వార్త అడుగున నున్న మూలమునకు చేరదు. సహజముగా సన్నగానుండు వెండ్రుకకొన మొద్దుగా తెగుటచే, క్రొత్తగా మొలచినప్పుడు ముతకగా తోచును. అంతమాత్రమే.

తలవెండ్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున 2 మొదలు 6 సంవత్సరములు పెరుగును. పిదప సుమారు 3 మాసములు విశ్రమించి రాలిపోవును. ఆ బావినుండియే మఱల క్రొత్తది మొలచును. తలమీద సుమారు లక్ష వెండ్రుకలుండును గనుక దినమునకు 50 మొదలు 100 వఱకు రాలుట సహజము. దువ్వెనను చూచి దిగులుపడ నక్కఱలేదు.

ఈ బావి ఒంటరిది కాదు. దాని ప్రక్కనే ఒక తైలగ్రంథి యుండి వెండ్రుకకును చర్మమునకును జిడ్డు నిచ్చును. ఒక చిన్న కండరము ఏటవాలుగా అంటుకొని, చలియో భయమో కలిగినప్పుడు ముడుచుకొని వెండ్రుకను నిక్కఱచును. కవులు రోమాంచమనునది దాని పనియే. వెండ్రుక మొదలును చుట్టుకొని నరముల కొనలుండును. చీమ వెండ్రుకను కదపినంతనే మనకు తెలియుట వానివలననే. సమీపముననే స్వేదగ్రంథి కలదు. దానికి చెమట పట్టుమను ఆజ్ఞ నరములద్వారా వచ్చును. ఇట్లు వెండ్రుక, జిడ్డు, చెమట, స్పర్శ ఈ నాలుగును ఇరుగుపొరుగువలె మెలగును. ఈ ఇరుగుపొరుగులో ఎవరు పలుకుట మానిరో కనుగొన్నచో, చర్మముమీది మచ్చ యేదియో చాలవఱకు తెలిసికొనవచ్చును.

మచ్చలలో మూడింటిని చెప్పెదను. మొదటిది తామర. ఇది బూజుజాతి సూక్ష్మజీవి కెరటినును తిని బ్రదుకుటచే కలుగును. గుండ్రని అంచుతో విస్తరించును. విపరీతమైన దురద పుట్టించును. దురద యున్నదనగా నరములు మేలుకొనియున్నవని అర్థము.

రెండవది బొల్లి. ఇందు వర్ణకణములు మాత్రమే నశించును. మచ్చ పాలవలె తెల్లనగును గాని, స్పర్శ చెడదు, చెమట ఆగదు, చర్మపు నునుపు తగ్గదు. ఇది అంటువ్యాధి కానేకాదు. చికిత్సచే రంగు మఱలి వచ్చునప్పుడు తఱచుగా వెండ్రుకల మొదళ్ల చుట్టును చిన్నచుక్కలుగా ముందు కనబడును. ఏలయన వర్ణకణముల విత్తనములు రోమకూపములలో దాగియుండును. మచ్చలోని వెండ్రుకలు నల్లగానే యున్నచో ఆశ యధికము. అవియు నెఱసిపోయినచో రంగు మఱలుట కష్టము. ఇట్టి నిరపాయకరమైన మార్పునకు మనవారు తెల్లకుష్టు అని పేరుపెట్టిరి. ఆ ఒక్క మాటచేత ఎందఱు కన్యలకు వివాహములు చెడినవో చెప్పజాలము. ఈ పేరును మన నోటినుండి తొలగించుట మన చేతిలోని పని.

మూడవది నిజమైన కుష్ఠు. దీనికి కారణమగు సూక్ష్మజీవిని 1873లో నార్వే దేశమున హాన్సెన్ కనుగొనెను. ఇది చర్మమునందును, విశేషించి నరములయందును నివసించును. శరీరములో చల్లగానుండు భాగములు దీనికి ప్రియము. మచ్చ పాలతెలుపు కాదు. చుట్టుపట్ల చర్మముకంటె కొంచెము వెలిసినట్లో, రాగిరంగుగనో యుండును. నరము చెడుటచే స్పర్శ పోవును. ఆజ్ఞ అందక స్వేదగ్రంథి యెండును. వెండ్రుకలు పలుచబడి రాలును. బావి యెండినదన్నమాట. నొప్పిలేదు, దురదలేదు. కావుననే రోగి దానిని లెక్కచేయడు. వేడిగిన్నెను పట్టుకొని చేయి కాలినను తెలియని స్థితి వచ్చిన తరువాత వైద్యునికడకు వచ్చినవారిని నేను పెక్కుమందిని చూచితిని.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు ద్రాక్షతోటలకు పేరుపడినవి. నేడు శామీర్‌పేట చెంత జీనోమ్ వ్యాలీలో టీకామందులు తయారగుచున్నవి. ఇటుకపనికిని, కట్టడపుపనికిని దూరదేశములనుండి కూలిజనము వచ్చుచున్నారు. ఎండలో పనిచేయు వారి దేహమంతయు చెమటతో తడిసియుండగా ఒక్క మచ్చమాత్రము పొడిగానుండుట ఒక గుర్తు. అట్టి మచ్చ యున్నచో, కన్నులు మూయించి దూదికొనతో మెల్లగా తాకి, తాకినచోటు చూపుమనవలెను. చూపలేకున్నచో ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. సూదితోగాని నిప్పుతోగాని పరీక్షింపరాదు.

2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో ఈ వ్యాధిపై పనిచేసిన సంస్థలు గలవు. కూకట్‌పల్లిలో శివానంద పునరావాసకేంద్రమును 1958లో రాణీ కుముదినీదేవి స్థాపించిరి. చర్లపల్లిలో లెప్రా సంస్థవారి బ్లూ పీటర్ పరిశోధనకేంద్రము వెలసినది. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ బహుళౌషధ చికిత్సను నిర్దేశించెను. మచ్చలు కొన్నియే యున్నచో 6 మాసములు, హెచ్చుగానున్నచో 12 మాసములు మందు మ్రింగిన చాలును. ప్రభుత్వము దానిని ఉచితముగా నిచ్చుచున్నది. మందు ప్రారంభించిన కొలది కాలములోనే రోగివలన ఇతరులకు అంటు భయము తొలగును. చేయి కలుపుటచేతను, ఒక పంక్తిని భుజించుటచేతను ఇది వ్యాపింపదు. మనుష్యులలో అధికసంఖ్యాకులకు దీనిని ఎదుర్కొను శక్తి స్వభావముగనే కలదు.

చట్టమును మాఱినది. కుష్ఠురోగులను నిర్బంధించుటకు వీలుకల్పించిన 1898 నాటి శాసనము 2016లో రద్దయ్యెను. ఈ వ్యాధి కారణముగా విడాకులు కోరు హక్కును 2019లో తొలగించిరి. భారతదేశమున ఇది ప్రజారోగ్యసమస్యగా తొలగినదని 2005లో ప్రకటించినను, ఏటేట ఇంచుమించు లక్షమంది క్రొత్తరోగులు నేటికిని బయటపడుచున్నారు. మందు సూక్ష్మజీవిని చంపగలదు గాని, పూర్తిగా చచ్చిన నరమును మఱల బ్రతికింపలేదు. మచ్చను ఈ సంవత్సరము చూపుటకును, ఐదేండ్లకు చూపుటకును గల భేదము ఒక్కొక్కప్పుడు చేతివ్రేళ్లంత భేదము.

కావున తల్లులారా, బిడ్డలకు తలంటునప్పుడు వారి వీపులను, భుజములను ఒకమాఱు పరికించుడు. పెద్దలారా, మీ చర్మమునుగూడ చూచుకొనుడు. మచ్చను చూచి సిగ్గుపడవలసినదియు, దాచవలసినదియు లేదు. దురద కలదా, స్పర్శ కలదా, చెమట కలదా, వెండ్రుక కలదా అని నాలుగు ప్రశ్నలు వేసికొని, సందేహమున్నచో వైద్యునికి చూపుడు.