తెరెజీన్ శిబిరపు పసివారు

1945వ సంవత్సరమున మహాసంగ్రామము ముగిసిన పిమ్మట, చెకోస్లొవేకియాలోని తెరెజీన్ నిర్బంధ శిబిరమునుండి విముక్తులైన యూదు బాలబాలికలలో మూడు నాలుగేండ్ల పసివారు ఆరుగురు ఇంగ్లండు చేరి, ససెక్స్ ప్రాంతమున బుల్‌డాగ్స్ బ్యాంక్ అను పల్లెయింట ఆశ్రయము పొందిరి. శైశవముననే నాజీల మారణకాండకు తల్లిదండ్రులను కోల్పోయిన ఆ బిడ్డలకు కుటుంబ మన నేమో తెలియదు. వారి చర్యలను మనోవిశ్లేషకురాలు అన్నా ఫ్రాయిడ్, సోఫీ డాన్ సహకారముతో 1951లో ప్రకటించిన వ్యాసమున సవిస్తరముగా వర్ణించెను.

తొలిదినములలో వారు ఇచ్చిన బొమ్మలను విరుగగొట్టిరి. ఆదరింపవచ్చిన పెద్దలను కొట్టిరి, కరచిరి. కుక్క కనబడినంతనే గడగడ వణకిరి. దీనిని పెంకితన మనరాదు. రక్షించువారు లేని లోకమున పెరిగిన శిశువునకు పెద్దల చేయి అభయహస్తముగా తోచుట ఎట్లు?

నన్ను మిక్కిలి కదలించిన విషయము వేరొకటి కలదు. ఆ ఆరుగురు ఒకరినొకరు క్షణమైన విడిచి యుండనొల్లరైరి. ఒకమారు రెండవసారి వడ్డించుటకు కేకు లేదని ఒక బాలుడు ఏడ్వగా, ఇద్దరు బాలికలు తమ వంతులో మిగిలిన ముక్కల నతని కిచ్చి, అతడు తినుచుండ ప్రేమతో నిమిరిరి. తల్లి ఒడిలో లభింపవలసిన భద్రతను వారు పరస్పరము కల్పించుకొనిరి.

యుద్ధకాలమున లండన్ నగరమున హాంప్‌స్టెడ్ శిశుగృహములను డొరొతీ బర్లింగ్‌హామ్‌తో కలసి నడపినపుడే అన్నా ఫ్రాయిడ్ ఒక సత్యమును గమనించియుండెను: బాంబుల మ్రోతకంటె తల్లి ఎడబాటే బిడ్డను అధికముగా కుంగదీయును. కావున శరణార్థి శిశువులను చేరదీయువారు, తోబుట్టువులనే కాక కష్టకాలపు చెలికాండ్రను సైతము విడదీయరాదని నా దృఢవిశ్వాసము.

బుల్‌డాగ్స్ బ్యాంక్ బిడ్డలు ఏడాదిలో ఆంగ్లము నేర్చిరి. తమను పెంచువారిలో ఒక్కొక్కరిపై మెల్లమెల్లగా మమత పెంచుకొనసాగిరి.