పందెపుబాటకు పోషకుఁ డెవఁడు?



నేఁడు నేను విన్నవింపఁదలఁచిన విషయము మీలోఁ గొందఱకు వింతగాఁ దోఁపవచ్చును. పిల్లలు సైకిళ్ళతో నాడు పందెమొకటి గలదు. ఆ పందెమును గూర్చియు, అట్టి యాటలకు వలయు మైదానములు మన మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములందుఁ బడియున్న దుఃస్థితిని గూర్చియు నాలుగు మాటలు చెప్పెదను. “వానలు లేక చేలు వాడిపోవుచుండఁగా, త్రాగునీటి బండికై బిందెలు వరుస దీరియుండఁగా, ఈ ముదుసలి పంతులునకు సైకిలు పందెములమీఁద బుద్ధి పుట్టుటేమి?” యని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. చెఱువు నెట్లు కాపాడవలయునో యెఱిఁగిన ఊరికే ఆటస్థలమును గాపాడుట తెలియును. ఒకదానిని మఱచిన ఊరు రెండవదానిని గూడ మఱచును. ఇదియే నా సమాధానము. ఇఁక వివరించెదను.

ఈ పందెమునకు లోకమున బి. ఎం. ఎక్స్. అని పేరు. 1970 ప్రాంతమున అమెరికాదేశమందలి కాలిఫోర్నియాలో బాలురు, పెద్దవారు మట్టిదిబ్బలమీఁద మోటారుసైకిళ్ళు పరుగెత్తించుట చూచి, తామును తమ చిన్న సైకిళ్ళతో పాడునేలలయందు అట్లే యాడ నారంభించిరి. వారి కెవ్వరును బాట వేయలేదు; బహుమానము లీయలేదు. పిల్లలు తామే మన్ను పోగుచేసి దిబ్బలు కట్టుకొనిరి. ఆ పిల్లలాటయే పెరిగి పెద్దదై, 1981లో అంతర్జాతీయ సమాఖ్యగా నేర్పడి, 1982లో ప్రపంచపోటీలను జరుపుకొని, 2008లో బీజింగు నగరమున ఒలింపిక్ క్రీడలలోఁ జేరినది. 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున ఆసియాక్రీడలలోను స్థానము సంపాదించినది.

పందెపు విధానము మిగుల సులభము. బాట నిడివి 300 మొదలు 400 మీటర్లు. ఒక యెత్తైన దిబ్బమీఁదినుండి ఎనమండుగురు ఒక్కసారిగా బయలుదేఱుదురు. దారిలో అలలవలె వరుసగా దిబ్బలుండును. మలుపులయందు బాట వెలుపలి యంచు గోడవలె లేచియుండును. ఆ గోడమీఁదుగా వంగి తిరిగి, దిబ్బల నెగిరి దాఁటి, ఎవఁడు ముందుగా గమ్యము చేరునో వాఁడు జయించును. పందెమంతయు ఇంచుమించు 40 సెకనులలో ముగియును. సైకిలు చక్రము 20 అంగుళములది, దానికి గేర్లు మార్చు యంత్రము లేదు, స్ప్రింగులు లేవు, బ్రేకొక్కటియే. కుదుపునంతయు రౌతు మోఁకాళ్ళును మోచేతులును భరింపవలయును. కావున నీ యాటలో ధనముకంటె దేహపటుత్వమును, వాహనపు వెలకంటె చిత్తస్థైర్యమును ముఖ్యములు. బాలికలకును ఇందు సమానస్థానము గలదు. 2008 ఒలింపిక్ క్రీడలలోనే పురుషులకును స్త్రీలకును వేర్వేఱు పందెములు జరిగినవి. కొలంబియా దేశపు మరియానా పహోన్ అను నామె 2012లోను 2016లోను వరుసగా స్వర్ణపతకములు గెలిచినది.

ఇఁక బాట సంగతి. పెద్దపోటీల కొఱకు మలుపులమీఁద తారు పఱతురు గాని, నేర్చుకొను పిల్లలకు మన్నే చాలును. ఎఱ్ఱ గరుసు తట్టలతో పోసి, వాన వెలిసిన పదునులో దిమ్మిస కొట్టి, గుండు దొర్లించినచో గట్టి దిబ్బ యేర్పడును. రెండు మూఁడెకరముల నేల యున్నఁ జాలు. ఈ మన్ను, ఈ పాఱ, ఈ దిమ్మిస మనకుఁ గొత్తవి గావు. నల్లమల పాదమునఁ గట్టలు కట్టి బ్రదికిన వారము మనము. వాన తక్కువ యగుట సేద్యమునకు శాపమైనను, మట్టిబాటకు మాత్రము మేలే. ఇందుల కింత యనుకూలమైన నేల దేశమున నన్నిచోట్ల దొరకదు.

అయినను మన పిల్లలు ఎక్కడ సైకిళ్ళు త్రొక్కుచున్నారు? రహదారులమీఁద. అనంతపురమునుండి గుంటూరునకుఁ బోవు రహదారిపై గిద్దలూరు, కంభము ప్రాంతములందు లారీలు పగలును రాత్రియు నడచుచుండును. ఆ లారీలప్రక్కనే బాలురు చేతులు విడిచి సైకిలు నడుపుట నేను పలుమాఱులు చూచితిని. మఱికొందఱు మార్కాపురపు పలకల గనులకుఁ బోవుదురు. మన పలకలమీఁద అక్షరములు దిద్దిన పిల్లలు దేశమంతట నున్నారు. అది మనకు గౌరవమే. కాని గనులయొద్ద మిగిలిన రాతిపెళ్ళల గుట్టలు కత్తివాదరవంటివి. ప్రక్కనే నీరు నిండిన గోతులు. కుఱ్ఱవారు ఆ గుట్టలమీఁదినుండి సైకిలుతో దిగుట పౌరుషమనుకొందురు. కాలు జాఱినచో ఏమగునో చెప్పఁబనిలేదు. వారిని దండించుట సులభము. “మఱి యెక్కడ నాడుకొనమందురు?” అని వారడిగినప్పుడు బదులు చెప్పుట కష్టము. నేను చెప్పలేకపోయితిని.

ఒక యూరి సంగతి చెప్పెదను; పేరేల? అచ్చటి బాలురు వేఁసవి సెలవులలో బడిప్రక్కనున్న ఖాళీనేలలో స్వయముగా ఆఱు దిబ్బలు, రెండు మలుపులు కట్టుకొనిరి. ఒక సంవత్సరము ముచ్చటగా నాడుకొనిరి. చుట్టుపట్ల ఊళ్ళ పిల్లలు కూడ సాయంకాలము వచ్చెడివారు. రెండవ సంవత్సరము ఎవరో పనివారు అచ్చట కంకర పోసిరి. పిమ్మట కూలిన గోడల యిటుకలు వచ్చిచేరినవి. మూఁడవ సంవత్సరమున సర్కారుతుమ్మ మొలచి నిలువెత్తు పెరిగినది. బాలురు వినతిపత్రము పట్టుకొని యొక కార్యాలయమునుండి మఱియొక కార్యాలయమునకుఁ దిరిగిరి. ఒకచోట “స్థలము బడిది” యనిరి. ఒకచోట “పంచాయతీది” యనిరి. మఱియొకచోట “ఈ యాట మా పట్టికలో లేదు” అనిరి. కాదన్నవాఁడును లేఁడు, చేసినవాఁడును లేఁడు. ఆ బాలురలో పెద్దవాఁడు నాతో, “అయ్యా, వద్దని యొక్కమాట చెప్పియుండిన బాగుండెడిది” అనెను. ఆ మాట నన్ను నేఁటికిని బాధించుచున్నది.

పట్టికలో లేదన్న మాట నిజమే. 2023 డిసెంబరునుండి 2024 ఫిబ్రవరివఱకు మన రాష్ట్రమున ‘ఆడుదాం ఆంధ్ర’ యను పేర ఊరూర పోటీలు జరిగినవి. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ అను నైదాటలకుఁ బోటీలుండినవి. సైకిలుకుఁ జోటు లేదు. 2017 ప్రాంతమున ‘బడికొస్తా’ యను పథకముక్రింద తొమ్మిదవ తరగతి చదువు బాలికలకు ప్రభుత్వము సైకిళ్ళిచ్చినది. అది మెచ్చఁదగిన పనియే. సైకిలు వలన దూరపు బడి దగ్గఱయైనది. కాని సైకిలిచ్చిన చేయి దానిమీఁద ఆడుటకు జానెడు నేల చూపలేదు.

ధనము లేమిచేతనే యీ దుఃస్థితి కలిగినదని కొంద ఱందురు. నే నొప్పుకొనను. 2008 క్రీడల కొఱకు బీజింగునందు లావోషాన్ అనుచోట నిర్మించినదే ఒలింపిక్ చరిత్రలో మొదటి బి. ఎం. ఎక్స్. బాట. దానికి ధనలోపము లేదు. అయినను నాలుగేండ్లు తిరుగకముందే, 2012లో, ఛాయాచిత్రకారులు పోయి చూడఁగా బాటపైఁ గలుపు మొలచి, ఆసనములు నిర్మానుష్యములై యుండెను. మన హైదరాబాదునందును 2002 డిసెంబరులో జరిగిన జాతీయక్రీడల కొఱకు ఉస్మానియా విశ్వవిద్యాలయపు టావరణములో సైకిలు పందెములకై వెలోడ్రోము కట్టఁబడినది. ఉత్సవము ముగిసిన పిమ్మట దాని పోషణలోపమును గూర్చి పత్రికలు పలుమాఱులు వ్రాసినవి. కట్టుట పండుగనాఁటి పని. కాపాడుట ప్రతిదినపు పని. పండుగకు పదిమంది వత్తురు. పండుగ మఱునాఁడు వాకిలి యూడ్చువాఁడు ఒక్కఁడే.

దీనికి మాఱుగా మఱియొక యూరు చూడుఁడు. లాట్వియా యను చిన్నదేశమున వాల్మియెరా యను పట్టణము గలదు. అచ్చటి జనులు సుమారు 25 వేలు. 2011 జనాభా లెక్కలలో మన మార్కాపురము 70 వేలు దాఁటినదని స్మరింపుఁడు. ఆ చిన్నయూరి బిడ్డయగు మారిస్ స్ట్రోంబెర్గ్స్ అనువాఁడు 2008లో ఈ పందెమున మొదటి ఒలింపిక్ స్వర్ణపతకమును, 2012లో రెండవసారియు అదే పతకమును గెలిచెను. బీజింగు బాట యనాథ యగునప్పటికి, దానిమీఁద గెలిచినవాని చిన్నయూరు లోకప్రసిద్ధ మయ్యెను. ఊరి పరిమాణము అడ్డు కాదనుట కింతకంటె నిదర్శన మేల?

మఱి మన లోపమెక్కడ? ఈ ప్రశ్నకు సమాధానము మన పొరుగుననే రాతిమీఁద నున్నది. గిద్దలూరునకు దక్షిణమున పోరుమామిళ్ళ చెఱువుగట్టుమీఁద శాసనమొకటి గలదు. బుక్కరాయల కుమారుఁడగు భాస్కరుఁడు ఆ చెఱువు త్రవ్వించి, శకవర్షము 1291, అనఁగా క్రీ. శ. 1369లో దానిని వేయించెను. మంచిచెఱువునకు వలయు పండ్రెండు అంగములును, చెఱువునకుఁ బట్టు ఆఱు దోషములును అందుఁ బేర్కొనఁబడినవి. ఆ దోషములలో నొకటి, చెఱువు రెండు రాజ్యముల పొలిమేరయందుండుట. ఇది దోషమేల యయ్యెనని ఆలోచింపుఁడు. నీటికొఱకు రెండు రాజ్యములును పోరాడును. గండి పడినప్పుడు రెండును ముఖము త్రిప్పుకొనును. ఇరువురి సొత్తైనది ఎవరి సొత్తును గాదు. మన యాటస్థలములకుఁ బట్టిన దోషమిదియే. బడికిని పంచాయతీకిని, పంచాయతీకిని క్రీడాశాఖకును నడుమ పొలిమేరలో నవి పడియున్నవి.

చట్టము మనకు లోటు చేయలేదు. 2009 విద్యాహక్కు చట్టపు టనుబంధమున ప్రతి పాఠశాలకును ఆటస్థల ముండవలెనని నిర్ణయింపఁబడినది. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణముచే పంచాయతులకుఁ జెందఁదగిన 29 విషయముల పట్టిక రాజ్యాంగమునఁ జేరినది. అందు తుదిదగు 29వ విషయము సామాజికపు టాస్తుల పోషణము. కావున అధికారము మన చావడిలోనే యున్నది. దానిని తీసి వాడువాఁడు కావలెను.

వాడు విధమునుగూడ మన పూర్వులే చూపిరి. ఈ సీమలో దశబంధపు మాన్యములు మీలో పెద్దవారు వినియేయుందురు. చెఱువు త్రవ్వించి కాపాడు బాధ్యత వహించినవానికి దాని ఫలములోఁ గొంతపాలు మాన్యముగా నిచ్చుట యా యాచారము. పదియవ పాలను నర్థమునుండి యా పేరు వచ్చినది. కట్టువాఁ డెవఁడో, కాపాడువాఁ డెవఁడో, వానికి గ్రాస మెక్కడిదో మొదటనే నిశ్చయించి గాని వారు గునపము పట్టలేదు. శతాబ్దముల నాఁటి కంభము చెఱువు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘముచే ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తింపఁబడినదనిన, అది కట్టినవారి చలువయే గాదు, పూడిక తీసినవారి చలువ, తూము చూచుకొన్నవారి చలువ.

కావున గ్రామపెద్దలారా, మీకు నా మనవి యిది. ముందుగా మీ యూరి యాటస్థలము సర్వే నంబరు కనుఁగొనుఁడు, హద్దురాళ్ళు నాటింపుఁడు. గ్రామసభలో దాని పేరెత్తి, ఇది ఫలానివారి యధీనమని తీర్మానము వ్రాయించి, సంతకములు చేయింపుఁడు. అధీనము ఒక్కరిదిగానే యుండవలెను. ఇరువురి దైనచో పొలిమేర దోషము మరల వచ్చును. తరువాత దశబంధము నేర్పఱపుఁడు: తిరునాళ్ళనాఁటి పందెముల వసూలులోఁ గాని, ఊరుమ్మడి చింతచెట్ల వేలములోఁ గాని, పదియవ పాలు ఆటస్థలమునకని లెక్కపుస్తకమున వేఱుగా వ్రాయుఁడు. ఎద్దుల బండలాగుడుకు వేలు ధారపోయు ఊళ్ళు మనవి. బిడ్డలకు పదియవ పాలు బరువు కాదు.

అటుపిమ్మట గాని బాట కట్టవలదు. మొదట 50 గజముల పొడవున నాలుగు పొట్టిదిబ్బలు చాలును. ప్రతి వానవెనుక పిల్లలచేతనే కోసుకొనిపోయిన మన్ను ఎత్తించి దిమ్మిస కొట్టింపుఁడు. తాము కట్టినదానిని వారు పాడుచేయరు. తలకు హెల్మెట్టు లేనిదే ఎవ్వరిని దిబ్బ యెక్కనీయకుఁడు. బాలికలకు వేళ యేర్పఱుపుఁడు. ఆ వేళకు ఒక పెద్దమనిషి గట్టుమీఁదఁ గూర్చుండవలెను. ఆ పెద్దమనిషి మీరే యైనచో మఱియు మంచిది. సాయంకాలము రచ్చబండమీఁద గడుపు గడియను అచ్చట గడపుఁడు.

మన యూళ్ళ యువకులు పనికై హైదరాబాదునకు, బెంగుళూరునకుఁ బోవుచున్నారు, పోక తప్పదు. కాని “మా యూరిలో నాకొక చోటుండెను, దానిని పెద్దలు కాపాడిరి” అను తలఁపు వెంటఁ గొనిపోయినవాఁడు మరల వచ్చును, ఊరికొక మేలు చేయును. “మా దిబ్బలమీఁద చెత్త పోసిరి” అను తలఁపుతోఁ బోయినవాఁ డేల వచ్చును? పూడిన చెఱువును మరల త్రవ్వవచ్చును. ఊరిమీఁద విఱిగిన పిల్లవాని మనస్సును అతికించుట మిక్కిలి కష్టము.