ఒండ్రు పట్టిన రికార్డులు

పాటలలో రెండు తెగలున్నవి. కూర్చుండి వినవలసిన పాటలు కొన్ని. విన్న తరువాత కూర్చుండలేని పాటలు కొన్ని. మొదటి తెగను గురించి రేడియోలో ప్రసంగాలకు కొదవ లేదు. భద్రాద్రికి పొరుగువారము కనుక రామదాసు కీర్తనలను గురించి మేమే ఎన్నోసార్లు మాట్లాడి ఉన్నాము. ఈ పూట మాత్రము రెండవ తెగను గురించి, అనగా కాలు నిలువనీయని సినిమా ఆటపాటలను, డిస్కో పాటలను గురించి, వాటిని అడవి అంచు పల్లెలదాకా మోసుకొనివచ్చిన గ్రామఫోను రికార్డులను గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము. పెద్దలు మన్నింతురుగాక.

గత వేసవిలో కూనవరం నుండి మా మేనమామగారు ఒక టేకు పెట్టె తెచ్చి మా ఇంట దించినారు. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోట ఉన్న ఊరు కూనవరం. మేము పుట్టి పెరిగినది అక్కడనే. పెట్టెలో అరవైకి పైగా రికార్డులున్నవి. "అల్లుడూ! ఎనభయ్యారులో ఒకసారి, మొన్న ఇరవై రెండులో ఒకసారి దీన్ని గోదారి నోట్లోంచి తీశాను. మూడోసారి ఎత్తే ఓపిక నాకు లేదు. ఇక నీ దగ్గర ఉండనీ" అన్నారు.

మామగారిది ఒకప్పుడు మైకుసెట్టు వ్యాపారం. నేటి పిల్లలకు ఆ మాట తెలియకపోవచ్చును. ఒక ఆంప్లిఫయరు, రికార్డులు తిప్పే యంత్రము, రెండు గొట్టపు లౌడుస్పీకర్లు, రెండు కారు బ్యాటరీలు, ఒక పెట్టెడు రికార్డులు: ఇదే మైకుసెట్టు. పెళ్ళి అనండి, కొత్తల పండుగ అనండి, రామనవమి పందిరి అనండి, మామగారికి కబురు వచ్చేది. నది ఒడ్డు ఊళ్ళకు లాంచీ మీద, లోపలి ఊళ్ళకు ఎడ్లబండి మీద సెట్టు వెళ్ళేది. చింతచెట్టు కొమ్మకు గొట్టం కట్టి తెల్లవారుజామున దేవుని పాట వేస్తే, రెండు మైళ్ళ అవతలి ఊరివారు కూడా ఇక్కడ శుభకార్యమని గ్రహించేవారు.

అంతకు ముందటి లక్క రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగి, మూడు నిమిషాలలో ఒక పాట పాడి ఊరుకునేది. చేయి జారితే పెంకులయ్యేది. తరువాత వచ్చిన వినైల్ రికార్డు 45 చుట్లదో, ముప్పదిమూడున్నొక మూడోవంతు చుట్లదో అయి, బండి కుదుపులకు ఓర్చుకొనేది. అడవి దారులలో ఆటపాటలు అంతదూరం ప్రయాణము చేయడానికి కారణము ఆ ఓర్పే అని మా అభిప్రాయం.

పెట్టెలో మేము మొదట తీసినది "దేవుడు చేసిన మనుషులు" చిత్రపు చిన్న రికార్డు. 1973లో వచ్చిన ఆ చిత్రానికి రమేష్ నాయుడుగారు సంగీతం కూర్చినారు. అందులో ఎల్.ఆర్. ఈశ్వరిగారి గొంతులో ఒక పాట ఉన్నది. చిత్రం వచ్చిన పదేండ్లకు కూడా ఆ రికార్డుకు మా ఊళ్ళో విశ్రాంతి లేదు. మా అమ్మమ్మగారికి ఆ పాట వినబడితే చాలు, చెవులు మూసుకొనవలసినంత అపచారము. కాని చెవులు మూయవలసిన చేతులు రెండూ ఆ వేళకు రోకలి మీద ఉండేవి. పాట సాగినంతసేపు రోకటి పోటు తాళము తప్పక పడేది. పాట ఆగగానే దంపుడు మందగించేది. ఈ సంగతి ఆమెతో అనే ధైర్యము మాలో ఎవరికీ లేకపోయినది. మొన్న ముల్లు ఆ రికార్డు మీద వాలగానే మాకు ఈశ్వరిగారికంటె ముందు ఆ రోకటి చప్పుడు వినబడినది. ఊక వాసన వచ్చినది.

రెండవది నాజియా హసన్ పాడిన "డిస్కో దీవానే". కరాచీలో పుట్టి లండన్‌లో పెరిగిన ఆ బాలిక 1980లో "కుర్బానీ" చిత్రానికి పాడేనాటికి పదిహేనేండ్లది. ఆమె చేత పాడించిన బిడ్డూ మన బెంగుళూరులో పుట్టి లండన్‌లో స్థిరపడినవారు. మరుసటి ఏడు, 1981లో, ఆ ఇద్దరి "డిస్కో దీవానే" వెలువడినది. హిందీ మాట ఒక్కటి తెలియని మా పల్లెలలో ఆ పాటకు అర్థమెవరూ అడిగినవారు కారు. డిస్కో లెక్క సులభమైనది. నిమిషానికి సుమారు 120 దెబ్బలు. నాలుగు దెబ్బలలో ఏ ఒక్కదానినీ విడువక పెద్ద డోలు మ్రోగుతుంది. మన చతురశ్రగతి ఎరిగినవారికి అది పరాయి లెక్క కాదు.

కోయవారికి అసలే కాదు. మాకు ఆరేడేండ్లప్పుడు టేకులబోరు దాపున ఒక కోయ పెళ్ళికి మామగారి వెంట వెళ్ళినాము. రాత్రి భోజనాలైన పిమ్మట ఈ రికార్డు వేసినారు. కుర్రవాళ్ళు ఆడుతున్నారు. ఇంతలో బ్యాటరీ నీరసించినది. రికార్డు తిరగడం మందగించి, ఆ బాలిక గొంతు కాస్తా బొంగురుపోయి, మగవాని గొంతై, ముసలివాని మూలుగై ఆగిపోయినది. అందరూ నవ్వినారు. ఆ నవ్వులోనే ఒక పెద్దాయన డోలు భుజాన వేసుకొని, పాట ఆగిన చోటనుండి అదే నడక అందుకొన్నాడు. కొమ్ముల తలపాగాలు ధరించిన మగవారు కదిలినారు. ఆడవారు ఒకరి నడుము ఒకరు పట్టుకొని వరుస కట్టినారు. తెల్లవారేదాకా మరి రికార్డు వేయవలసిన అవసరము కలుగలేదు. ప్రొద్దున సామాను సర్దుతూ ఉంటే ఆ పెద్దాయన వచ్చి, మామగారి యంత్రాన్ని వంగి చూచి, "మీ పెట్టెలో డోలు బాగానే కొడుతోందిగాని, ఊపిరి తీసుకోదేంది?" అని అడిగినాడు. విశ్వవిద్యాలయంలో చదివినాము, ఈ ఉద్యోగంలో ఇన్నేండ్లు సంగీతజ్ఞుల మధ్య గడిపినాము; యంత్రలయను గురించి ఇంతకంటె సూటి విమర్శ మేము ఎక్కడా వినలేదు.

మూడవది 1983లో వచ్చిన "ఖైదీ". చక్రవర్తిగారి సంగీతం. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో కొమ్మినేని అప్పారావుగా పుట్టి, తెలుగు సినిమాలో ఆ పదేండ్లలో ఊరూరా కుర్రకారును గంతులు వేయించిన సంగీతకర్త ఆయన. చిరంజీవిగారి అడుగులు చూచి వచ్చిన వారు ఆ అడుగులను ఇసుకతిన్నెల మీద సాధన చేసేవారు. వారిలో లాంచీ మీద పనిచేసే కుర్రవాడొకడు మా బాల్యానికి నాయకుడు. లాంచీ ఒడ్డు చేరక ముందే బల్ల మీదినుండి ఒడ్డుకు దూకి, దూకిన ఊపు ఆటలోకి మార్చేవాడు. 

1986 ఆగస్టులో గోదావరి పొంగినది. భద్రాచలం వద్ద నీటిమట్టము 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది అని రేడియో వినేవారందరికీ తెలుసును. ఆ ఏడు ఆగస్టు 16వ తేదీన మట్టము 75.6 అడుగులు. రేడియో అంకె చెప్పిన ప్రతిసారి మా అమ్మ ఒక మెట్టు పైకి సామాను జరిపేది, చివరకు మెట్లయిపోయినవి. ఇళ్ళు విడిచి ఎత్తు మీదికి పోతున్నప్పుడు, ఆ లాంచీ కుర్రవాడు రికార్డుల పెట్టెను తలకెత్తుకొని మెడలోతు నీటిలో నడిచినాడు. ఒకచోట కాలు జారి మునిగినాడు. పెట్టెను మాత్రము విడువలేదు. వరద తీసిన తరువాత ఇల్లు లేక, పని వెదుక్కుంటూ ఊరు విడిచిపోయినాడు. ఎక్కడ ఉన్నాడో మామగారికి ఈనాటికీ తెలియదు.

పెట్టె నిండా ఒండ్రు. అట్టలన్నీ కుళ్ళిపోయినవి. మామగారు ఒక్కొక్క రికార్డును కుంకుడు రసంతో కడిగి, నీడన ఆరబెట్టి, పాత క్యాలెండరు కాగితాలతో కొత్త సంచులు కుట్టినారు. ఆ సంచుల వెనుక పెన్సిలుతో ఊళ్ళ పేర్లు వ్రాసినారు: ఈ పాట రేకపల్లి పెళ్ళిలో, ఇది చింతూరు సంతనాడు, ఇది టేకులబోరులో, బ్యాటరీ అయిపోయినది. జ్ఞాపకము ఉన్నంత మేరకు వ్రాసినారు. ఎంత కడిగినా గాడులలో సన్నని ఒండ్రు మిగిలిపోయినది. అందుచేత ఆ రికార్డులు నేటికీ పాటకు ముందు చిటపటలాడుతవి. మా కేంద్రంలోని యువకుడు ఒకరు ఆ చప్పుడును కంప్యూటరు సాయంతో తుడిచివేయగలనన్నారు. తుడిచిన ప్రతి ఒకటి, తుడవనిది ఒకటి చేయించినాము. మామగారికి తుడవనిది వినిపించినాము.

ఆయన పెట్టెను మా ఇంటికి చేర్చడానికి ఓపిక లేకపోవడము ఒక్కటే కారణము కాదు. తూర్పు గోదావరి నుండి 1959లో ఖమ్మం జిల్లాలో చేరిన కూనవరం, 2014లో రాష్ట్రము విడివడినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోకి తిరిగి వెళ్ళినది. పోలవరం జలాశయపు పూర్తి మట్టము 150 అడుగులు. ఆ నీటికి మునిగే గ్రామాల పట్టికలో ఆ ప్రాంతపు పల్లెలున్నవి. కాలనీలకు తరలినవారు తరలినారు. తరలవలసినవారు రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. 2022 జూలైలో భద్రాచలం వద్ద మట్టము 71.3 అడుగులకు చేరినప్పుడు, ముందు ముందు రాబోయేదేమిటో నది మరొకసారి చూపి వెళ్ళినది. క్యాలెండరు సంచుల మీద పెన్సిలుతో ఉన్న ఊళ్ళలో కొన్ని, పటము మీద కంటె ఆ కాగితాల మీదనే ఎక్కువ కాలము నిలుస్తవేమో.

ఇక్కడ మా మనస్సును తొలుస్తున్న సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. రికార్డు వచ్చి డోలును చంపినదని కొందరంటారు. ఆ రాత్రి కళ్ళారా చూచిన మేము అంత సులభంగా ఆ మాట అనలేము. డోలు రికార్డుకు బదులు చెప్పినది. ఆ బదులు రికార్డుకంటె బాగున్నది. కాని పెట్టెలోని అరవై రికార్డులూ వెదకి చూచినాము. మద్రాసు గొంతులున్నవి, బొంబాయి గొంతులున్నవి, లండన్‌లో ముద్రించిన లయ ఉన్నది. ఆ పెద్దాయన డోలు ఏ గాడిలోనూ లేదు. మా అమ్మమ్మ రోకలి లేదు. లాంచీ కుర్రవాని కాళ్ళ చప్పుడు లేదు. దూరపు పాటను దాచుకొన్నాము. దానికి ఆడిన దగ్గరివారిని దాచుకొనలేదు. పాట వేసినప్పుడు వారు మాకు కనబడుతున్నారు. మా తరువాత పాట వేసేవారికి ఎవరు కనబడుతారు?

అందుచేత రేడియో గల ప్రతి ఇంటివారికీ మా మనవి ఒక్కటే. అటక మీద రికార్డులుంటే దించండి. ఒకదానిపై ఒకటి పేర్చకండి. పుస్తకాలవలె నిలువుగా ఉంచండి, ఎండ తగలనీయకండి. దుమ్మును మెత్తని బట్టతో గాడి వెంబడి తుడవండి, అడ్డముగా తుడవకండి. ఇవి చిన్న పనులు. పెద్ద పని మరొకటి ఉన్నది. ఇంట్లో పెద్దవారిని పక్కన కూర్చుండబెట్టుకొని పాట వేయండి. అది ఏ ఊరిలో విన్నారో, ఎవరు ఆడినారో, ఎవరు తిట్టినారో అడగండి. ఈనాడు చేతిలో ఫోను ఉన్నవారందరూ శబ్దగ్రాహకులే. వారి మాటను పట్టి ఉంచండి. డోలు వాయించేవారు ఇంకా ఉంటే డోలునూ పట్టండి. ఆ పని ముందు మేము ప్రారంభించినాము. వచ్చే నెలలో టేకులబోరు వెళ్ళి, ఆ పెద్దాయన ఇంటివారెవరైనా డోలు పట్టుతున్నారేమో విచారించదలచినాము.

మామగారికి తుడవని ప్రతి వినిపించినామని చెప్పినాము గదా. ముల్లు వాలి చిటపట మొదలుకాగానే ఆయన కళ్ళు మూసుకొని, "ఇది గోదారి" అన్నారు. పాట అందుకొన్నది. కాసేపటికి, "బ్యాటరీ చూసుకో అల్లుడూ, ఆగిపోతుంది" అన్నారు.