జిల్లా లెక్కలో మనం



ప్రపంచ ఆదివాసీ దినోత్సవం కదా, నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆటపాటలు ఎలాగూ ఉన్నాయి. మేము జిల్లా గురించి చెబుతాం. 'మీ జిల్లా గురించి రాయండి' అని పరీక్షలో ఇస్తే మా పిల్లలు పెన్నా నది, వరి, రొయ్యలు, కృష్ణపట్నం పోర్టు అని గబగబా రాసేస్తారు. మార్కులూ పడతాయి. యానాది అనే మాట మాత్రం ఒక్కరూ రాయరు.

2011 జనాభా లెక్కల్లో మన నెల్లూరు జిల్లాలో 29 లక్షల 63 వేల మంది ఉన్నారు. నూటికి దాదాపు పది మంది గిరిజనులు, వాళ్లలో ఎక్కువమంది మనమే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట, శ్రీహరికోట వైపు మనవాళ్లు తిరుపతి జిల్లాలోకి వెళ్లారు. గీత మారింది గానీ చుట్టరికాలు మారలేదు.

ఈ జిల్లా సంపాదనలో మన చెయ్యి పడని చోటు తక్కువ. వరి పొలంలో ఎలుకల్ని పట్టి పంట నిలబెట్టింది మన తాతలే. బొక్క తవ్వి అది దాచుకున్న వెన్నులు తెచ్చుకుంటే అదే వాళ్ల కూలి. కాలువల్లో, పులికాట్‌లో చేపలు పట్టాం. శ్రీహరికోట అడవిలో తేనె, మందు వేర్లు ఏరాం, మద్రాసుకు పొయ్యికట్టెలు కొట్టి పంపాం. 1969లో ఆ దీవిని రాకెట్ల కోసం ఎంచుకున్నారు, 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ ఎగిరింది. రాకెట్ చూసి మనమూ చప్పట్లు కొడతాం, కొట్టాలి కూడా. ఆ నేల మీద ఎవరుండేవాళ్లో కూడా తెలిసుండాలి.

ఇప్పుడు రొయ్యల గుంటలు. గట్టు మీద గుడిసె, కాపలాకి భార్యాభర్తలు, వాళ్ల వెంట పిల్లలు. జూన్‌లో హాస్టల్లో చేరిన పిల్ల గుంటలో పిల్ల వేసే కాలానికి మాయమవుతుంది. అడిగితే 'అడ్వాన్సు తీరలేదు మేడమ్' అంటారు. వినండి, 1976 నుంచి వెట్టిచాకిరీ రద్దు చట్టం ఉంది. బాకీ ఉందని మనిషిని కదలనివ్వకపోవడం నేరం. వెట్టి కోసం పెట్టిన ఆ బాకీ చట్టం ముందు చెల్లదు.

ఇక పాలన. కెన్యాలో 2010 రాజ్యాంగం 47 కౌంటీలు పెట్టింది. ప్రతి కౌంటీకీ గవర్నర్ని జనమే ఓటేసి ఎన్నుకుంటారు. మన కలెక్టరు గారు ఓటుతో రారు, ప్రభుత్వం పంపిస్తుంది. అసెంబ్లీ చూద్దామంటే రాష్ట్రంలో ఎస్టీలకు ఏడు సీట్లు, ఏడూ ఉత్తరాన ఏజెన్సీ వైపే. మన తీరంలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు, అందుకే అక్కడి భూమిని కాపాడే 1/70 చట్టం ఇక్కడ పనిచేయదు. మనకంటూ నెల్లూరులో ఐటీడీఏ ఉంది. ఆపైన పంచాయతీలో వార్డు మెంబరు, సర్పంచి సీట్లు మనకూ కొన్ని వస్తాయి. అక్కడ కూర్చున్న మనవాళ్లు ఎంతమంది కాగితం చదివి సంతకం పెడుతున్నారు? మొహమాటం లేకుండా అడుగుతున్నాం.

బ్రిటిషు కాలంలో నేరస్థ జాతుల చట్టం కింద మనవాళ్లలో కొందరి పేర్లు పోలీసు రిజిస్టర్లో ఉండేవి. దాని మీద వెన్నెలకంటి రాఘవయ్య గారు పోరాడారు. ఆ రిజిస్టరు పోయింది. ఇప్పుడు కావలసిన రిజిస్టర్లలో మన పేరు లేదు.

మా దగ్గర పదో తరగతి మంచి మార్కులతో పాసైన ఒక అమ్మాయికి పుట్టిన తేదీ కాగితం లేదు, కుల ధ్రువపత్రం లేదు. ఎప్పుడు పుట్టిందమ్మా అంటే వాళ్లమ్మ 'వరదొచ్చిన ఏడు' అంది. ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. చేతికొచ్చేసరికి కోరిన గ్రూపు నిండిపోయింది. ఆ పిల్ల ఏమీ అనలేదు. మాకే నిద్ర పట్టలేదు.

అందుకని తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకొక పని. మీ సంఘంలో ఇల్లిల్లూ తిరిగి ఆధార్ లేనివాళ్లు, రేషన్ కార్డు లేనివాళ్లు, జనన ధ్రువపత్రం లేని పిల్లలు ఎవరో ఒక నోటు పుస్తకంలో రాయండి. గుంటల దగ్గరున్న వాళ్లనూ వదలొద్దు. వచ్చే ఆదివారం పొద్దున హాస్టల్లో దరఖాస్తులు నింపుతాం. ఉన్న కాగితాల జిరాక్సు తెచ్చుకోండి. ఏమీ లేనివాళ్లు ఉత్త చేతులతోనే రండి, వాళ్ల దరఖాస్తులే ముందు రాస్తాం.