సంగటి ముద్దలో దాచిన మాత్ర

పట్టభద్రుల ముందు చేస్తున్న ఈ స్నాతకోత్సవ ప్రసంగమంతా ఒకే విషయానికి, అంటే మానసిక అస్వస్థత ఉన్న మనిషికి తన చికిత్సపై ఉన్న సమ్మతి హక్కుకు చెందుతుంది.

పుట్టపర్తి చెంత ప్రశాంతిగ్రామంలో 1991 నవంబరు 22న ప్రారంభమైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో గుండె శస్త్రచికిత్సకు రోగి డబ్బు కట్టనక్కరలేదు. చికిత్స ఉచితం గనుక రోగిని అడగనక్కరలేదని మాత్రం ఏ వైద్యుడూ అనడు; ఏం చేయబోతున్నారో, అందులో ఏ ప్రమాదం ఉందో చెప్పి, సరేనన్నాకే కత్తి పట్టడం వైద్యధర్మం. గుండె జబ్బు మనిషికి దక్కే ఈ మర్యాద మనసు జబ్బు మనిషికి ఇంకా పూర్తిగా దక్కడం లేదు.

చట్టం మాత్రం ఆ మర్యాదను స్పష్టంగా రాసింది. 1912 నాటి ఉన్మాదుల చట్టం రోగిని బంధించవలసినవాడిగానే చూసింది; దాని స్థానంలో వచ్చిన 1987 చట్టం ఆసుపత్రుల నిర్వహణపైనే ఎక్కువ దృష్టి పెట్టింది; 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 తొలిసారిగా రోగిని హక్కులున్న పౌరుడిగా నిలబెట్టింది. ఈ చట్టం ప్రకారం జబ్బు ఉన్నంత మాత్రాన నిర్ణయ సామర్థ్యం, అంటే విషయాన్ని గ్రహించే, లేదా నిర్ణయ ఫలితాన్ని అంచనా వేసే, లేదా తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో తెలిపే శక్తి, లేదనుకోకూడదు. రోగి నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచడం సామర్థ్యం లేదనడానికి రుజువు కాదు. సమాచారపూర్వక సమ్మతి అంటే బలవంతం, మోసం, బెదిరింపు లేకుండా, మేలుకీడులూ ప్రత్యామ్నాయాలూ రోగికి అర్థమయ్యే భాషలో చెప్పిన తరువాత అతడు ఇచ్చే అంగీకారం. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపించే హిందూపురంలోనూ, అక్కడి కుటుంబాలు రోగులను తీసుకుపోయే బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లోనూ ‘అర్థమయ్యే భాషలో’ అన్న ఆ మాట చాలా బరువైనది.

ఈ సమ్మతి విషయంలో అన్నిటికంటే ఆందోళన కలిగించేది గొలుసో తాళమో కాదు, కంచం. రాయలసీమ ఇళ్లలో మందు వద్దని మొండికేసే కొడుకు కోసం తల్లి మాత్రను చెంచా వెనుకతో నలిపి, ఆ తెల్లని పొడిని వేడి సంగటి ముద్దలో గుంట చేసి వేసి, చేదు తెలియకుండా పైన ఊరిబిండి పచ్చడి పెట్టి, పక్కన కూర్చుని కడదాకా తినిపిస్తుంది. ఆమె ప్రేమను ఎవరూ శంకించలేరు. అయితే తన అన్నంలో ఎవరో ఏదో కలుపుతున్నారన్న అనుమానం స్కిజోఫ్రెనియాలో తరచుగా కనిపించే లక్షణం; మాత్ర కలిపిన రోజున ఆ అనుమానం నిజమవుతుంది. ధర్మవరం మగ్గం మీద పట్టు పోగును పట్టుకోవలసిన వేళ్లు మందు ప్రభావంతో వణికినా, ఒళ్లు బిగుసుకుపోయినా, కారణం తెలియని ఆ మనిషి చేతబడి జరిగిందని భయపడతాడే తప్ప, మోతాదు తగ్గించమని వైద్యుణ్ణి అడగలేడు. నిజం బయటపడిన నాడు అతడు మందుతో పాటు అన్నాన్నీ, అన్నం పెట్టిన చేతినీ నమ్మడం మానేస్తాడు. ఆహారంలో మందు దాచి పెట్టవచ్చని 2017 చట్టంలో ఏ సెక్షనూ చెప్పలేదు.

ఈ ప్రసంగకర్త కూడా వృత్తిలోని తొలి ఏళ్లలో, క్యూలో నిలబడి ఏడ్చే తల్లులకు ‘మజ్జిగలో కలిపి ఇవ్వమ్మా’ అని చెప్పి పంపిన వైద్యులలో ఒకరు. రోగి మందు ఎందుకు వద్దంటున్నాడో అడగడానికి పట్టే పది నిమిషాలను ఆ సలహా మిగిల్చింది. ఆ పది నిమిషాలు రోగికి చెందినవని గ్రహించడానికి ఏళ్లు పట్టింది. అడిగి చూస్తే చాలామంది చెప్పే కారణాలు పిచ్చివి కావు: నిద్రమత్తు, బరువు పెరగడం, పెళ్లి సంబంధాల భయం.

కుటుంబం నిస్సహాయంగా మిగలాలని చట్టం కోరలేదు. తీవ్రమైన అస్వస్థతలో నిర్ణయానికి ఎక్కువ సహాయం అవసరమైన వ్యక్తిని, మానసిక వైద్యుడు ఒకరూ మరో నిపుణుడో వైద్యుడో ఒకరూ విడివిడిగా పరీక్షించి ధ్రువీకరించాక, రోగి తరఫున నిలిచే ప్రతినిధి దరఖాస్తుపై 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. ప్రాణాపాయం వంటి అత్యవసరంలో ప్రతినిధి అక్కడ ఉంటే అతని సమ్మతితో 72 గంటల వరకు చికిత్స చేయవచ్చు. బాగున్న రోజుల్లోనే ‘నాకు జబ్బు ముదిరితే ఈ చికిత్స కావాలి, ఇది వద్దు’ అని రాసిపెట్టుకునే ముందస్తు ఆదేశమూ, ఆ ప్రతినిధిని తానే ఎంచుకునే వీలూ ఉన్నాయి. ఈ దారులన్నీ వెలుగులో నడిచేవి, తరువాత ప్రశ్నించదగినవి.

ప్రశ్నించే దారి ఎంత అవసరమో ఆంధ్రప్రదేశ్ 2020లో చూసింది. మాస్కుల కొరతపై మాట్లాడి సస్పెండైన నర్సీపట్నం మత్తువైద్యుడు డాక్టర్ సుధాకర్‌ను మే 16న విశాఖపట్నంలో చేతులు వెనక్కి కట్టి పోలీసులు అదుపులోకి తీసుకున్నారు; తరువాత ఆయనను ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి తరలించారు. హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. తల్లి వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్ తరువాత జూన్‌లో ఆయన బయటికి రాగలిగారు. ఒక వైద్యుడి కోసమే కోర్టు తలుపు తట్టవలసి వచ్చిన చోట, సంతకం పెట్టడం రాని కూలీకి అండ ఎవరన్నది పట్టభద్రులు ఆలోచించాలి. ఈ చట్టం కింద రోగికి ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉందని ఆ కూలీకి చెప్పగలిగినవారు ఈ సభలోనే ఉన్నారు.

సమ్మతి మాట పట్టభద్రులకూ వర్తిస్తుంది: ఫోను కొన్నప్పుడు ‘అంగీకరిస్తున్నాను’ అన్న మీటను చదవకుండా నొక్కే అలవాటు ఈ తరం బిడ్డలది. పరీక్షల రోజుల్లో నిద్ర పట్టకపోయినా ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చే అలవాటూ వారిదే. ఆ రెండూ మానుకోవాలి. తనకు అవసరమైనా, పక్కింటివారికి అవసరమైనా 14416 నంబరుకు, అంటే ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్‌కు, ఫోను చేయడానికి సిగ్గుపడకూడదు. వైద్యులైనా, న్యాయవాదులైనా, టీచర్లైనా, కేవలం ఒక ఇంటి బిడ్డలైనా, ఈ పట్టభద్రులు రోగి పక్కన కూర్చుని మొదట అతని మాట వినాలి. మాత్రను సంగటిలో దాచకుండా అరచేతిలో పెట్టి, ఇది ఏమిటో, ఎందుకో చెప్పాలి. అతడు ఈ రోజు వద్దంటే, రేపు మళ్లీ అడగాలి.